ఎండాకాలంలో సోర్‌డో స్టార్టర్: రెండో రోజు పొంగి మూడో రోజు పడిపోతే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కర్నూలులో పై అంతస్తు ఇల్లు. సోర్‌డో స్టార్టర్ కోసం, అంటే కొట్లో ఈస్ట్ లేకుండా పుల్లటి బ్రెడ్‌ను లేపే పులిసిన పిండి కోసం, గోధుమపిండి, నీళ్లు సమానంగా కలిపి సీసాలో పెట్టారు. రెండో రోజుకే అంచు దాకా పొంగింది. మూడో రోజు నుంచి ఉలుకూ పలుకూ లేదు, పైగా మూత తీస్తే ముక్కు మూసుకునే వాసన. చచ్చిపోయిందా, పారేసి మళ్లీ మొదలుపెట్టాలా, చెంచా పెరుగో చిటికెడు ఈస్టో వేస్తే లేస్తుందా, అసలు మన ఎండలకు ఇది అయ్యే పనేనా?

చావలేదు. పారేయకండి. పెరుగూ వద్దు, ఈస్టూ వద్దు. ఇప్పుడున్న దాంట్లోంచి 30 గ్రాములు ఉంచుకుని, మిగతాది తీసేసి, 30 గ్రాముల గోధుమపిండి, 30 గ్రాముల నీళ్లు కలిపి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట పెట్టండి. రోజుకు ఒక్కసారే ఇలా చేయండి. మధ్యలో రెండు మూడు సార్లు చెంచాతో కలిపితే చాలు. ఇంకో నాలుగైదు రోజుల్లో మళ్లీ బుడగలు మొదలవుతాయి, ఈసారి వచ్చే పొంగు నిలిచే పొంగు. మన ఎండలకు ఇది అవుతుంది. నేను అనంతపురంలో ఇంట్లోనే బ్రెడ్ చేసి తెలిసినవాళ్లకు ఇస్తుంటాను, అడిగినవాళ్లకు స్టార్టర్ పంచుతుంటాను, తర్వాత ఫోన్‌లో వాళ్ల టెన్షన్లు వినడమూ నా పనే. మీరు చెప్పిన మూడో రోజు కథ అందులో నూటికి తొంభై మంది చెప్పేదే.

రెండో రోజు ఆ పొంగు చూసి మీరు సంబరపడే ఉంటారు. అది ఈస్ట్, అంటే రొట్టెను లేపే సూక్ష్మజీవి, చేసిన పని కాదు. పిండిలో ఈస్ట్ కణాలతో పాటు రకరకాల బ్యాక్టీరియా ఉంటుంది. నీళ్లు తగలగానే ముందు లేచేది ఆ బ్యాక్టీరియానే. వాటిలో ల్యూకోనోస్టాక్ అనే జాతి గ్యాస్ బాగా వదులుతుంది. అది మనకు కొత్తదేమీ కాదు. ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె అంచుకు రావడంలో పెద్ద చెయ్యి దానిదే. పిండి, నీళ్లు కలిపిన మొదటి రోజు ముద్దలో పులుపు ఉండదు, పీహెచ్ 6 దగ్గర ఉంటుంది (పీహెచ్ పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). అక్కడ ఈ బ్యాక్టీరియాకు హాయి. తిని, గ్యాస్‌తో పాటు ఆమ్లాన్నీ వదులుతాయి. పీహెచ్ 4.5 దగ్గరికి దిగేసరికి తాము చేసిన పులుపే తమకు పడక చల్లబడతాయి. మీ సీసా మూడో రోజు పడుకున్నది అందుకే. ఆ పులుపును తట్టుకునే లాక్టోబాసిల్లస్ జాతులు అప్పుడు నెమ్మదిగా పెరిగి, పీహెచ్‌ను 4 కిందికి దించుతాయి. రొట్టెను లేపే సహజ ఈస్ట్‌కు ఆ పులుపు ఇబ్బంది కాదు. తిండికి పోటీకొచ్చేవాళ్లు తగ్గారు కాబట్టి అది అప్పుడు తీరిగ్గా పెరుగుతుంది.

ఈ మధ్యలో ఉన్న రెండు మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులు, పైకి ఏమీ కనిపించదు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. లేవడం లేదని కంగారుపడి రోజుకు మూడు పూటలా పిండి వేస్తారు. కడపలో తెలిసినావిడ ఒకరు సరిగ్గా ఇదే చేశారు. పిల్లాడికి అన్నం పెట్టినట్టు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పెట్టారు. పిండి వేసిన ప్రతిసారీ అప్పటిదాకా తయారైన పులుపు పల్చబడుతుంది. పులుపు చేరకపోతే పాత బ్యాక్టీరియా పోదు, ఈస్ట్‌కు దారి దొరకదు. ఆవిడకు నేను చెప్పిన మందు ఒకటే: ఒక రోజు పూర్తిగా ముట్టుకోవద్దు, ఆ తర్వాత రోజుకు ఒక్కసారి. ఆ వారంలోనే సీసా కదిలింది.

వాసన సంగతి. విరిగిన పాలు, తడి సాక్సులు, ఇంకా చెప్పాలంటే వాంతి వాసన, ఇవన్నీ ఈ దశలో మామూలే. మొదట లేచిన బ్యాక్టీరియా వదిలివెళ్లిన గుర్తులవి. పులుపు పెరిగేకొద్దీ అదే పోతుంది. అయిదు, ఆరు రోజులకు మజ్జిగ లాంటి పులుపు వాసన, తర్వాత పండిన పండు వాసన వస్తుంది. అప్పటిదాకా ఇంట్లోవాళ్లకు దూరంగా పెట్టుకోండి, అంతే.

ఇక ఎండ. మీ ప్రశ్నలో నాకు అసలు సమస్యగా కనిపించింది ఇదే. పుస్తకాల్లో, వీడియోల్లో "వెచ్చటి చోట పెట్టండి", "ఓవెన్‌లో లైటు వేసి అందులో పెట్టండి" అంటారు. ఆ మాట చలి దేశాల వాళ్ల కోసం. వాళ్ల వంటిల్లు 20 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో మన పై అంతస్తు వంటిల్లు రాత్రి పదింటికి కూడా 35 కిందికి దిగదు. ఈస్ట్, బ్యాక్టీరియా రెండూ చక్కగా కలిసి పెరిగేది 25 నుంచి 28 డిగ్రీల మధ్య. 35 దాటితే బ్యాక్టీరియా పరుగందుకుంటుంది, ఈస్ట్ వెనకపడుతుంది. పులుపు మితిమీరి, పిండిలోని జిగురు తెగిపోయి, సాయంత్రానికి సీసాలో పుల్లటి జావ మిగులుతుంది. అది చూసి "నీళ్లు ఎక్కువయ్యాయేమో" అని పిండి దట్టిస్తారు. నీళ్ల తప్పేమీ లేదు.

కాబట్టి ఫ్రిజ్ మీద పెట్టకండి, దాని వెనకవైపు నుంచి వేడి వస్తూనే ఉంటుంది. స్టవ్ గట్టు మీదా వద్దు, సజ్జ మీదా వద్దు. నేలకు దగ్గరగా, పడమటి గోడకు దూరంగా పెట్టండి. కింది అంతస్తులో చుట్టాలో స్నేహితులో ఉంటే నాలుగు రోజులు వాళ్లింట్లో పెట్టినా తప్పులేదు.

మా ఇంట్లో ఎండాకాలం చేసేది చెబుతాను. వెడల్పాటి మట్టి తొట్టి, పక్షులకు నీళ్లు పెట్టేలాంటిది, అందులో రెండు అంగుళాల నీళ్లు పోస్తాను. స్టార్టర్ సీసాను మధ్యలో నిలబెట్టి, పాత నూలు పంచె ముక్కను తడిపి సీసా చుట్టూ చుడతాను. గుడ్డ కింది అంచు నీళ్లలో మునిగి ఉండాలి, పై అంచు మూతకు ఒక వేలెడు కింద ఆగాలి, లేకపోతే తడి లోపలికి దిగుతుంది. కిటికీ గాలి గానీ ఫ్యాన్ గాలి గానీ తగిలేచోట ఉంచుతాను. గుడ్డ కింది నుంచి నీళ్లు పీలుస్తూ, పైన ఆరుతూ ఉంటుంది. వంటింట్లో 37 ఉన్న రోజు సీసాలో థర్మామీటర్ పెడితే 28, 29 చూపిస్తుంది. మనది పొడి గాలి కాబట్టి ఇంత బాగా పనిచేస్తుంది. ఇదే ఏర్పాటు నెల్లూరులోనో మచిలీపట్నంలోనో చేస్తే ఇంత దిగదు, అక్కడ గాలిలోనే తేమ. తొట్టిలో నీళ్లు రోజూ మార్చండి, దోమలు చేరతాయి. పిండిలో కలిపే నీళ్లు కూడా కుండ నీళ్లే వాడితే ముద్ద మొదట్లోనే చల్లగా ఉంటుంది.

పెరుగు, ఈస్ట్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. పెరుగులో ఉండేది పాలకు అలవాటుపడ్డ బ్యాక్టీరియా. పాలలో తోడుకోవడం దాని పని, రొట్టెను లేపే ఈస్ట్ అందులో లెక్కకు రాదు. పెరుగు వేస్తే ముద్ద పుల్లబడుతుంది గానీ బ్రెడ్ లేవదు. కొట్లో దొరికే ఈస్ట్ వేస్తే గంటలో భలేగా పొంగుతుంది, కానీ అది పులుపు లేని పిండిలో వేగంగా పెరగడానికి ఎంచుకున్న రకం, స్టార్టర్ పులుపులో వారాల తరబడి నిలబడలేదు. నెమ్మదిగా తగ్గిపోతుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. ఇడ్లీ పిండి ఒక గరిటె వేయొచ్చా అని ఇంకొందరు అడుగుతారు. వేస్తే రెండో రోజు చూసిన పొంగే మళ్లీ చూస్తారు. ద్రాక్షపళ్లు, ఉల్లిపాయ ముక్కలు కూడా అక్కర్లేదు. కావలసిన ఈస్ట్ గోధుమ పొట్టు మీదే ఉంది.

తొందరగా పులుపు తేవాలని మరీ ఉంటే ఒక న్యాయమైన అడ్డదారి ఉంది. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లకు బదులు అనాస రసం వాడతారు. రసంలోని పులుపు వల్ల ఆ గ్యాస్ బ్యాక్టీరియా మొదటే అణుగుతుంది, ఈ మూడో రోజు నిశ్శబ్దం తగ్గుతుంది. డబ్బా రసమైతే నిల్వ మందులు లేనిది చూసుకోవాలి. మీరు ఆ దశ దాటేశారు కాబట్టి ఇప్పుడు దాంతో పనిలేదు.

పిండి విషయంలో మనం అదృష్టవంతులం. గోధుమలు కొని, పిండి మిషన్‌లో ఆడించుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. పొట్టుతో సహా ఆడిన తాజా పిండిలో ఈస్ట్, బ్యాక్టీరియా, వాటికి కావలసిన ఖనిజాలు అన్నీ ఉంటాయి. మైదాలో పొట్టు తీసేస్తారు కాబట్టి మొదలుపెట్టడానికి అది మందకొడి. ఆడించి తెచ్చిన పిండి వేడిగా ఉంటుంది, పళ్లెంలో పరిచి చల్లారనివ్వండి. మీకంటే ముందు ఎవరో జొన్నలో శనగలో ఆడించుకుంటే ఆ కాస్త పిండి కలిసినా నష్టం లేదు. మిరపకాయల మిషన్ ఎలాగూ వేరే ఉంటుంది.

బయటి దేశాల్లో స్టార్టర్ మొదలుపెట్టడానికి రై అనే గోధుమ లాంటి ధాన్యం పిండి మంచిదంటారు. మనకు అది దొరకదు, దొరికినా ధర చూస్తే కొనబుద్ధి కాదు. నేను దాని బదులు రాగిపిండి వాడతాను. మొదటి వారం 30 గ్రాముల పిండిలో 5 గ్రాములు రాగిపిండి. అంబలి ఎంత త్వరగా పులుస్తుందో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. అంతకు మించి కలపకండి. రాగుల్లో గ్లూటెన్ (గోధుమపిండిలో ఉండే జిగురు) ఉండదు, గ్యాస్ తయారైనా పట్టి ఉంచేది లేక పైకి లేవదు. మొత్తం రాగిపిండితో చేసిన స్టార్టర్ బతికే ఉంటుంది, పొంగు మాత్రం చూపించదు. జొన్నపిండిదీ అదే కథ.

నీళ్ల గురించి ఎక్కువ ఆలోచించొద్దు. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ వాసన గట్టిగా ఉంటే రాత్రంతా మూత లేకుండా గిన్నెలో ఉంచి వాడండి, లేదా కాచి చల్లార్చండి. బోరు నీళ్లు ఉప్పగా లేకపోతే చాలు, గట్టి నీళ్లతో ఇబ్బంది లేదు. ఫిల్టర్ నీళ్లూ పనికొస్తాయి.

మీరు సీసా మూత బిగించి పెట్టానన్నారు. అది మాత్రం మార్చండి. గ్యాస్ పోయే దారి లేకపోతే సీసా పగలొచ్చు. అలాగని గుడ్డ ఒక్కటే కట్టినా మన గాలికి పైన అప్పడంలా ఎండిపోతుంది. మూత పెట్టి, తిప్పకుండా వదిలేయండి. సీసాకు రబ్బర్ బ్యాండ్ వేసి పిండి ఎంతవరకు ఉందో గుర్తు పెట్టుకోండి. చెంచాలతో కొలవకుండా చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. పిండి ఒక చెంచాకు ఇంకో చెంచాకు పొంతన ఉండదు.

ఇక్కడి నుంచి మీ సీసా ఎలా నడవాలంటే: బుడగలు మళ్లీ కనిపించేదాకా 30, 30, 30 లెక్కన రోజుకు ఒకసారి. మన గోధుమపిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, మరీ గట్టిగా అనిపిస్తే ఇంకో అయిదు గ్రాముల నీళ్లు పోయండి. పిండి వేసిన కొన్ని గంటల్లో పైకి లేవడం, తర్వాత దిగడం మొదలైతే రోజుకు రెండు సార్లకు మారండి. గడియారం చూసి కాదు, సీసా చూసి వేయాలి. లేచి, పైభాగం చదునై, మధ్యలో కొద్దిగా గుంట పడితే ఆకలిగా ఉందని అర్థం. ఇంకా ఉబ్బెత్తుగా పైకే ఉంటే ఆగండి.

మొత్తం మీద ఎండాకాలంలో వారం నుంచి పది రోజులు, డిసెంబరు, జనవరిలో రెండు వారాలు పడుతుంది. 30, 30, 30 లెక్కన పిండి వేసిన నాలుగు నుంచి ఆరు గంటల్లో రెట్టింపు అవుతుందా, వరసగా మూడు రోజులు అలాగే అవుతుందా, ఇది చూడండి. ఒక్క రోజు అయిందని బ్రెడ్‌కు దిగకండి. నీళ్లలో వేస్తే తేలాలి అనే పరీక్షను నేను నమ్మను. పొట్టు ఉన్న పిండి బరువుకు బాగా పనిచేసే స్టార్టర్ కూడా మునుగుతుంది, కలపకుండా జాగ్రత్తగా తీసి వేస్తే పనికిరానిది కూడా తేలుతుంది.

పైన బూడిద రంగు నీళ్లు తేలితే, నెయిల్ పాలిష్ లాంటి వాసన వస్తే భయపడకండి, అది ఆకలి. నీళ్లు వంపేసి, పాతది తక్కువ, పిండి ఎక్కువ వేయండి. కానీ గులాబీ, నారింజ రంగు చారలు గానీ, నూగు లాంటి పచ్చ, నల్ల బూజు గానీ కనిపిస్తే మొత్తం పారేయాలి. పైన తీసేసి కింద వాడుకుందాం అనే బేరం ఇక్కడ పనికిరాదు. సీసా వేడినీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి. బూజు ఎక్కువగా సీసా గోడలకు అంటుకుని ఎండిన పిండి మీదే మొదలవుతుంది. పిండి వేసిన ప్రతిసారీ గోడలు శుభ్రంగా తుడవండి, రెండు మూడు రోజులకోసారి సీసా మార్చండి.

రోజూ తీసేసే పిండిని పారేయడానికి మన ఇళ్లలో చేయి రాదు, తెలుసు. మొదటి వారం మాత్రం తినకండి, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో ఇంకా తేలలేదు. మొక్కల మట్టిలో కలిపేయండి. స్టార్టర్ నిలబడ్డాక తీసినదంతా ఫ్రిజ్‌లో ఒక డబ్బాలో చేర్చుకుని, కాస్త బియ్యప్పిండి, ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపి దోసెలు పోయండి. పొంగనాలు ఇంకా బాగుంటాయి, ఆ పులుపు పల్లీల చట్నీతో బాగా కలుస్తుంది. మా ఇంట్లో బ్రెడ్ వద్దనేవాళ్లున్నారు, ఈ పొంగనాలు వద్దనేవాళ్లు లేరు.

స్టార్టర్ నిలబడ్డాక కూడా ఎండాకాలం దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. నేను రెండు మార్పులు చేస్తాను. పాతది తగ్గించి, 10 గ్రాముల స్టార్టర్‌కు 50 పిండి, 50 నీళ్లు వేస్తాను. ఆ పిండిలో సగం మైదా కలుపుతాను, మైదాలో పులియడం నెమ్మది. మే నెల మధ్యకొచ్చేసరికి అదీ చాలదు, అప్పుడు నీళ్లు సగానికి తగ్గించి చపాతీ ముద్దలా గట్టిగా కలుపుతాను. గట్టి ముద్ద నిదానంగా పులుస్తుంది, కరెంటు పోయినా, మధ్యాహ్నం ఇంట్లో లేకపోయినా టెన్షన్ ఉండదు. వారానికి ఒకసారే బ్రెడ్ చేసేవాళ్లైతే, పిండి వేసి గంటసేపు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. వారానికోసారి తీసి పిండి వేస్తే చాలు. బ్రెడ్ చేసే ముందు రోజు బయట రెండు సార్లు వేయండి. మొదటి వారంలో మాత్రం ఫ్రిజ్ జోలికి పోకండి, ఇంకా నిలబడని ఈస్ట్ అక్కడ పడుకుంటే లేవదు.

మొదటి బ్రెడ్‌కు లెక్క కావాలంటే 300 మైదా, 100 గోధుమపిండి, 280 నీళ్లు, 80 స్టార్టర్, 8 గ్రాముల ఉప్పు. రెసిపీల్లో ఎనిమిది, పది గంటలు పొంగనివ్వమంటారు, మీ వంటింట్లో మూడు, నాలుగు గంటలకే అయిపోతుంది. మిగతాది వేరే ప్రశ్నగా అడగండి, ఓవెన్ గురించి చెప్పడానికి చాలా ఉంది.

ఆన్‌లైన్‌లో పాత స్టార్టర్లు అమ్ముతున్నారు కొనాలా అని కూడా రాశారు. శాన్‌ఫ్రాన్సిస్కో పేరుతో వచ్చేవి ఎక్కువ. 1971లో అక్కడి పుల్లటి రొట్టెల పిండిలో గుర్తించిన బ్యాక్టీరియాకు ఆ ఊరి పేరే పెట్టారు, నిజమే. తర్వాత అదే జాతి యూరప్ స్టార్టర్లలోనూ దొరికింది. మీ పిండి, మీ వేడి, మీరు పిండి వేసే పద్ధతి, వీటికి తగినవే చివరికి సీసాలో నిలబడతాయి. డబ్బు పెట్టి కొన్నా కొన్నాళ్లకు అది కర్నూలు స్టార్టరే అవుతుంది. మరీ తొందరైతే దగ్గరలో చేసేవాళ్లను ఒక చెంచా అడగండి, ఎవరూ కాదనరు.

స్టార్టర్ నిలబడ్డాక మొదట చేయాల్సిన పని ఇంకోటి ఉంది. బాగా పొంగి ఉన్నప్పుడు రెండు చెంచాలు తీసి బటర్ పేపర్ మీద పల్చగా పూయండి. నీడలో ఫ్యాన్ కింద పెడితే మన గాలికి ఒక రోజులో పెళుసుగా ఆరిపోతుంది. ఎండలో మాత్రం పెట్టకండి. విరిచి, గాలి చొరబడని డబ్బాలో వేసి, తేదీ రాసి దాచండి. ఎప్పుడైనా సీసా పగిలినా, నెల రోజులు ఊరెళ్లి వచ్చినా, ఒక చెంచా ముక్కలు నీళ్లలో నానబెట్టి పిండి వేస్తే రెండు మూడు రోజుల్లో మళ్లీ లేస్తుంది.